గోపాల్‌పూర్ రేవు దగ్గర షెడ్డు అద్దె: పోల్చాల్సిన అంకెలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో షెడ్డు వెతికేవారికి బ్రోకరు ముందుగా రెండు అంకెలు చెబుతాడు. చదరపు అడుగుకు ఎంత, పోర్టుకు ఎన్ని కిలోమీటర్లు. నాలుగు షెడ్ల అంకెలు పక్కపక్కన రాసుకుంటే చవకది తేలిపోయినట్టే ఉంటుంది. కానీ ఈ రెండిటి వల్ల తేలేది చాలా తక్కువ. సరుకు షెడ్డులోకి వచ్చి, నిలవుండి, మళ్లీ బయటికి వెళ్లేసరికి టన్నుకు మొత్తం ఎంత పడిందన్నదే వ్యాపారి జేబుకు తగిలే లెక్క. అందులో అద్దె ఒక భాగం. చాలా సరుకుల విషయంలో అది పెద్ద భాగం కూడా కాదు.

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ మధ్య ప్రాంతంలో ఈ లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. సముద్రం ఒడ్డున రేవు, కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి 16, హౌరా–చెన్నై రైలు మార్గం అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. బరంపురం నుంచి పాతిక కిలోమీటర్లు దక్షిణానికి వెళితే గిరిసోల సరిహద్దు గేటు, అది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం. అంటే షెడ్డు వెతికేవారి ముందు రెండు రాష్ట్రాల పన్ను నమోదులు, రెండు కరెంటు కంపెనీలు, రెండు రకాల భూమి కొలతలు ఉంటాయి. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ల వ్యాపారం చేసే తెలుగు కుటుంబాలకూ, పలాస వైపు నుంచి జీడిపప్పు యూనిట్ విస్తరించాలనుకునేవారికీ, గ్రానైట్ కోత పెట్టుకునేవారికీ ఇవన్నీ రోజూ ఎదురయ్యే సంగతులే.

ఆ రేవు ఏ సరుకుకు పనికొస్తుంది

గోపాల్‌పూర్ రేవును ప్రైవేటు భాగస్వామ్యంతో అన్ని కాలాల్లో నడిచే రేవుగా మార్చడానికి ఒప్పందం 2006లో జరిగింది. 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ తుపాను సరిగ్గా ఈ ఒడ్డునే తీరం దాటి రేవు పనులను దెబ్బతీసింది. 2017లో రేవు షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు చేతికి వచ్చింది. 2024 మార్చిలో అదానీ పోర్ట్స్ 95 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించి, అదే ఏడాది అక్టోబరులో కొనుగోలు పూర్తిచేసింది. ఏడాదికి 2 కోట్ల టన్నుల సరుకు తీసుకోగల సామర్థ్యం ఉన్న రేవు ఇది.

షెడ్డు వెతికేవారికి ఈ చరిత్ర కంటే రేవులో దిగే సరుకు ముఖ్యం. అది ప్రధానంగా విడి సరుకు: ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, ఇల్మెనైట్, అల్యూమినా వంటివి. ఈ సరుకుతో పని ఉన్నవారికి రేవు పక్కన స్థలం నిజంగా లాభమే. అయితే వారికి కావలసింది రేకుల షెడ్డు కన్నా గట్టి నేల, కాటా, లారీలు తిరిగే ఖాళీ ఉన్న యార్డు. ఇక కంటైనర్లలో సరుకు తెచ్చుకునేవారి దారి వేరు. విదేశీ జీడిపిక్కలైనా, ఎగుమతికి వెళ్లే గ్రానైట్ పలకలైనా కంటైనర్‌లో కదిలితే దగ్గరి పెద్ద టెర్మినల్ విశాఖే. బరంపురం నుంచి అది సుమారు 250 కిలోమీటర్లు. గోపాల్‌పూర్ రేవు గేటు కనిపించేంత దగ్గరలో షెడ్డు తీసుకున్నా ఆ 250 తగ్గదు, పైగా కాస్త పెరుగుతుంది. అలాంటి వ్యాపారికి 'పోర్టుకు 8 కిలోమీటర్లు' అన్న మాటకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడమూ దండగే. రహదారి 16 మీదికి ఎంత తేలిగ్గా ఎక్కగలం అన్నదే చూసుకోవాలి.

దగ్గరితనం వల్ల నష్టం కూడా ఉంటుంది. బొగ్గు, ఖనిజం కుప్పలు పోసే యార్డులకు గాలివాటున ఉన్న షెడ్డులో జీడిపప్పు, పిండి, అప్పడాల వంటి తినే సరుకు పెడితే దుమ్ముతో చిక్కు. ఒక్కో కాలంలో గాలి ఒక్కో వైపు నుంచి వీస్తుంది కాబట్టి షెడ్డు చూడటానికి వెళ్లిన రోజు శుభ్రంగా ఉందని సంబరపడకూడదు. పక్క షెడ్ల పైరేకులు, కిటికీ అంచులు చూస్తే ఏడాది పొడుగునా ఏం పడుతోందో తెలుస్తుంది. ఉప్పు గాలి సంగతీ అంతే. మామూలు జింకు రేకులు ఒడ్డు దగ్గర త్వరగా తుప్పు పడతాయి. రేకులు మార్చే ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే అది అద్దెకున్నవాడి నెత్తిన పడుతుంది.

ఒక ఊహా లెక్క

రెండు షెడ్లు ఉన్నాయనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికే, మార్కెట్ ధరలు కావు. మొదటిది ఊరి లోపల, 10,000 చదరపు అడుగులు, అడుగుకు 12 రూపాయలు, నెలకు 1,20,000. రెండోది రహదారి పక్కన, 7,000 అడుగులు, అడుగుకు 17 రూపాయలు, నెలకు 1,19,000. ఒకే డబ్బుకు 3,000 అడుగులు ఎక్కువ వస్తున్నాయి కదా అని మనసు మొదటిదాని మీదికి పోతుంది.

ఇప్పుడు టేపు తీసుకుని లోపల కొలవాలి. మొదటి షెడ్డు 10,000లో వరండా, గోడల మందం, ఒక మూల ఉన్న పాత ఆఫీసు గది, మధ్య స్తంభాల వరస పోగా సరుకు పెట్టుకోగలిగేది 7,500 అయింది. రెండో దాంట్లో మధ్యలో స్తంభాలు లేవు, 6,650 దక్కింది. వాడుకోగల అడుగుకు చూస్తే మొదటిది 16 రూపాయలు, రెండోది 17 రూపాయల 90 పైసలు. తేడా సగానికి పైగా కరిగిపోయింది.

ఎత్తు ఇంకా మిగిలే ఉంది. పాత షెడ్డులో ట్రస్సు, అంటే పైకప్పును మోసే చట్రం, కింద 10 అడుగులకు మించి బస్తాలు పేర్చలేం. కొత్త దాంట్లో 18 అడుగులు పేర్చవచ్చు. ఘనపు అడుగుల్లో మొదటిది 75,000, రెండోది 1,19,700. ఘనపు అడుగుకు అద్దె మొదటిదానికి 1 రూపాయి 60 పైసలు, రెండోదానికి రూపాయి లోపే. చవకనుకున్నది ఒకటిన్నర రెట్లకు పైగా ఖరీదు పడింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎత్తుగా పేర్చలేని సరుకు అయితే ఈ లాభం లేదు. అప్పడాల ప్యాకెట్లను 18 అడుగులు పేర్చాలంటే ర్యాకులు కావాలి, ర్యాకులకు గట్టి నేల కావాలి, ఫోర్క్‌లిఫ్ట్ కావాలి. అవి పెట్టే ఉద్దేశం లేనివారు ఎత్తుకు అద్దె కట్టడంలో అర్థం లేదు.

చివరగా లారీ. ఊరి లోపలి రోడ్డులోకి పగటిపూట పెద్ద లారీలు రానివ్వకపోతే, లేదా 40 అడుగుల ట్రైలర్ మలుపు తిరగలేకపోతే, సరుకు బయట దింపి చిన్న బండ్లలో తేవాలి. అంటే ఒక హమాలీ ఖర్చు రెండుసార్లు, పైన చిన్న బండి కిరాయి. టన్నుకు 150 రూపాయలు అదనం అనుకున్నా నెలకు 600 టన్నుల మీద 90,000. అద్దెలో ముప్పావు వంతు! ఇది ఏ బోర్డు మీదా కనిపించదు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఆ వీధిలో ఉన్న లారీ ఆఫీసులో కూర్చుని, 'ఫలానా షెడ్డుకు ట్రైలర్ పంపిస్తారా, కిరాయి ఎంత?' అని అడిగితే చాలు. బ్రోకరు గంటసేపు చెప్పే కబుర్ల కంటే డ్రైవరు మొహం చిట్లించడమే ఎక్కువ చెబుతుంది.

గిరిసోలకు ఇటా, అటా

ఇచ్ఛాపురంలో వ్యాపారం ఉన్నవారు గిరిసోల దాటి షెడ్డు తీసుకోవడం మామూలే. అక్కడే జీఎస్టీలో ఒక చిక్కు దాగి ఉంది. వ్యాపార స్థలం అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ పన్నును మామూలుగా తమ అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు కాబట్టి చాలామంది దాన్ని ఖర్చుగా లెక్కించరు. కానీ స్థిరాస్తి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు పన్ను వేస్తారు. షెడ్డు ఒడిశాలో ఉంటే ఓనరు కేంద్ర జీఎస్టీతో పాటు ఒడిశా జీఎస్టీ వేస్తాడు. ఆంధ్రప్రదేశ్ నమోదు మీద దాన్ని తగ్గించుకోవడం కుదరదు. ఒడిశాలో విడిగా నమోదు తీసుకోకపోతే 12 రూపాయల అద్దె నికరంగా 14 రూపాయల 16 పైసలు అయినట్టే. నమోదు తీసుకుంటే ఆ పన్ను కలిసొస్తుంది గానీ నెలనెలా రిటర్నులు, తన షెడ్డు నుంచి తన షెడ్డుకే సరుకు పంపినా పన్ను బిల్లు, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే రవాణాకు ఈ-వే బిల్లు తప్పవు. అకౌంటెంటు ఫీజును కూడా అద్దెలో కలిపి చూడటమే సరైన పద్ధతి.

ఓనరుకు జీఎస్టీ నమోదు లేకపోతే బాధ తప్పినట్టు కాదు. 2024 అక్టోబరు 10 నుంచి, నమోదు లేని ఓనరు దగ్గర వ్యాపార స్థలం అద్దెకు తీసుకున్న నమోదిత వ్యాపారి తానే ఆ పన్ను ప్రభుత్వానికి కట్టాలి. కంపోజిషన్ పథకంలో, అంటే అమ్మకాల మీద ఒక చిన్న శాతం పన్నుగా కట్టే పద్ధతిలో, ఉన్న చిన్న వ్యాపారులను 2025 జనవరిలో ఈ నిబంధన నుంచి తప్పించారు.

కరెంటు విషయంలోనూ రెండు దారులు. ఇచ్ఛాపురం వైపు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. బరంపురం వైపు 2021 జనవరి నుంచి టాటా పవర్ భాగస్వామ్యంలోని దక్షిణ ఒడిశా పంపిణీ సంస్థ. యూనిట్ ధర పోల్చడం అందరూ చేస్తారు. అసలు చూడాల్సింది షెడ్డుకు ఇప్పటికే మంజూరైన లోడు ఎంత, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది, కావలసిన లోడు ఆ లైను మీద దొరుకుతుందా అన్నది. 'కరెంటు ఉంది' అని ఓనరు అన్నప్పుడు అది నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కనెక్షన్ కావచ్చు. గ్రానైట్ కోత యంత్రానికి అది ఏ మూలకూ చాలదు. పెద్ద లోడు తీసుకుంటే, యంత్రం ఆడినా ఆడకపోయినా ఒప్పందపు డిమాండు (సంస్థతో రాసుకున్న లోడు) మీద కనీస ఛార్జీ పడుతూనే ఉంటుంది. పాత బకాయిల సంగతి ఇంకా ముఖ్యం. నిబంధనలు అనుమతించే చోట, ఒక ఆవరణ మీద ఉన్న పాత కరెంటు బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామని సంస్థ షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో తేల్చింది. మూతపడిన మిల్లులో షెడ్డు చవకగా వస్తోందంటే ముందు అడగాల్సింది ఆ మీటరు నంబరు.

భూమి కొలతల్లో ఒక బోల్తా ఉంది. ఖాళీ యార్డు తీసుకునేవారు జాగ్రత్తగా వినాలి. ఒడిశా డెసిమల్, ఆంధ్ర సెంటు ఒకటే. ఎకరంలో వందో వంతు, 435.6 చదరపు అడుగులు. కానీ గుంట ఒకటి కాదు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలుగు లెక్కలో 40. ఒడిశా గుంట 1,742 అడుగులైతే మనది 1,089. ఇచ్ఛాపురం, బరంపురం ధరలను గుంటల్లో పక్కపక్కన పెట్టి బరంపురం ఖరీదు అనుకునేవారు ముందు ఈ తేడా సరిచేసుకోవాలి.

ఎక్కడ వెతకాలి

ప్రభుత్వం వైపు చూస్తే, 1981లో ఏర్పడిన ఒడిశా పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, అంటే ఇడ్కో, ప్లాట్లు, షెడ్లు ఇస్తుంది. దాని చేతిలో ఉన్న స్థలాలు, దగ్గరి రోడ్డు, కరెంటు, నీళ్ల వివరాలు గోఐప్లస్ అనే మ్యాప్ పోర్టల్‌లో కనిపిస్తాయి. అద్దెకు తీసుకునే ఉద్దేశం లేకపోయినా ఆ మ్యాపు చూడటం మంచిదే, ఏ ప్రాంతం పరిశ్రమలకు కేటాయించారో తెలుస్తుంది. ఇడ్కో దగ్గర స్థలం తీసుకుని యూనిట్ నడపలేక ఆ షెడ్డును వేరేవారికి అద్దెకిచ్చేవారు కూడా తగులుతారు. అలా ఇవ్వడానికి ఇడ్కో అనుమతి కావాలి. అనుమతి పత్రం చూపించకుండా 'మనవాళ్లేలే, ఎవరూ అడగరు' అంటే అక్కడినుంచి లేచి రావడమే మేలు.

ఛత్రపురం దగ్గర టాటా స్టీల్ ఆధ్వర్యంలోని గోపాల్‌పూర్ పారిశ్రామిక పార్కు కథ వేరు. 1990లలో ఉక్కు కర్మాగారం కోసం సేకరించిన భూమి అది. కర్మాగారం రాలేదు, సుమారు 3,000 ఎకరాలు పార్కుగా మారింది. అందులో కొంత ప్రత్యేక ఆర్థిక మండలి, మిగతాది మామూలు ప్రాంతం. మండలిలో తయారైన సరుకు దేశంలోనే అమ్మితే కస్టమ్స్ సుంకం కట్టాలి. బరంపురం, విశాఖ మార్కెట్లలో అమ్ముకునేవారికి మండలి లోపలి స్థలం అక్కర్లేని తలనొప్పి. ఎగుమతే ప్రధానమైనవారు మాత్రమే అటు చూడాలి.

ప్రైవేటు షెడ్లకు మాత్రం పోర్టళ్ల కన్నా మనుషులే దిక్కు. మూతపడిన రైస్ మిల్లులు, కిరాణా హోల్‌సేలర్ల పాత గోదాములు ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండవు. లారీ ఆఫీసులు, కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్లు, కాటా నడిపేవారు, బ్యాంకుల వేలం ప్రకటనలు చూడాలి. బేరానికి కాలం కూడా ముఖ్యం. ఖరీఫ్ ధాన్యం సేకరణ మొదలయ్యాక గోదాములకు గిరాకీ పెరుగుతుంది. వానాకాలం మధ్యలో వెళితే ఓనరు దిగివస్తాడు, అదే సమయంలో పైకప్పు ఎక్కడ కారుతోందో కళ్లారా కనిపిస్తుంది.

అద్దె తక్కువ అని లోపలికి, రాయగడ, కోరాపుట్ జిల్లాల వైపు వెళ్లాలనుకునేవారు భూమి ఎవరి పేరున ఉందో ముందే చూసుకోవాలి. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతి జిల్లాలోనూ కొంత భాగం అదే. 1956 నాటి రెండో నంబరు నిబంధన ప్రకారం అక్కడ ఆదివాసుల భూమి ఇతరుల చేతికి వెళ్లకూడదు.

గాలి, నీరు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. దసరా, దీపావళి సరుకు గోదాముల్లో నిండుగా ఉండే రోజులవి. కాబట్టి ఈ తీరంలో షెడ్డు వయసు అడగడం కన్నా, ఫైలిన్‌కు ముందు కట్టిందా తర్వాత కట్టిందా, ముందు కట్టిందైతే అప్పుడు ఏం ఎగిరిపోయింది, ఏం మార్చారు అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. పక్క షెడ్డువాడిని అడిగితే ఇంకా సూటిగా వస్తుంది. నీళ్ల మరక గోడ మీద ఎంత ఎత్తున ఉందో చూడాలి. ఈమధ్యే సున్నం వేసిన గోడ అయితే రోలింగ్ షట్టర్ పట్టాల లోపలి తుప్పు చూడాలి, అక్కడ సున్నం వేయరు.

ఓనరుకు బీమా ఉందంటే అది కట్టడానికే. లోపలి సరుకు, యంత్రాలు అద్దెకున్నవారు సొంతంగా చేయించుకోవాలి. తుపాను, వరద కలిసి ఉన్నాయో లేదో పాలసీ కాగితంలో చదువుకోవాలి. సముద్రానికి మరీ దగ్గరి షెడ్డయితే తీర ప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి వస్తుందేమో కూడా చూసుకోవాలి.

కాగితాలు

పట్టా ఒడియాలో ఉంటుంది. మాట్లాడటం వచ్చినా చదవడం రానివారు ఈ ప్రాంతపు తెలుగువాళ్లలో తక్కువేం కాదు. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా తీసి, భూమి రకం ఏమని రాసి ఉందో చదివించుకోవాలి. సాగుభూమి అని ఉంటే ఒడిశా భూ సంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద మార్పిడి జరిగిందా అని అడగాలి. లేకపోతే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి దగ్గరో, బ్యాంకు రుణం దగ్గరో పని ఆగిపోతుంది. ముందున్నవారి కాలుష్య అనుమతి వారి పనికే. అదే షెడ్డులో జీడిపిక్కలు వేయించాలంటే కొత్తగా తెచ్చుకోవాలి.

అద్దె పెంపు గురించి బేరం మామూలుగా చివర్లో, అలిసిపోయాక జరుగుతుంది. ఏటా 5 శాతమూ, మూడేళ్లకోసారి 15 శాతమూ ఒకటేలా వినిపిస్తాయి. నెలకు 1,20,000 అద్దె మీద ఆరేళ్లకు లెక్కిస్తే ఏటా పెంచే పద్ధతిలో సుమారు 5 లక్షలు ఎక్కువ పోతాయి.

పదకొండు నెలల కాగితం రాసుకుని ఏళ్ల తరబడి నడిపేవారు చాలామంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలన్నది 1908 నాటి చట్టం. ఖర్చు మిగులుతుందని దాన్ని తప్పించుకుంటారు. గోదాముకైతే ఫరవాలేదేమో గానీ యంత్రాలు బిగించే పరిశ్రమకు ఇది ప్రమాదమే. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం తయారీ పనికి ఇచ్చిన లీజును ముగించాలంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్ కాని కాగితం మీద నడిచేవారికి ఈ రక్షణ దక్కకపోవచ్చు. కోర్టులు దాన్ని నెలవారీ అద్దెగా చూస్తే 15 రోజుల నోటీసుతో సరి. 15 రోజుల్లో కోత యంత్రం పునాది నుంచి ఊడదీసి ఇంకోచోట బిగించడం జరిగే పని కాదు.

లాకిన్ కాలం మాత్రం రెండు వైపులా కోసే నిబంధన. ఆ కాలంలో ఓనరు ఖాళీ చేయించలేడు, అద్దెకున్నవాడూ వదిలి వెళ్లలేడు. శ్రీకాకుళం జిల్లా మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు పూర్తయితే ఈ తీరంలో సరుకు దారులు మారవచ్చు. అందుకని ఓనరును తొమ్మిదేళ్లకు కట్టిపడేసి, అద్దెకున్నవాడికి మాత్రం మూడేళ్ల తర్వాత వెళ్లిపోయే వీలుంచే రిజిస్టర్డ్ లీజు ఈ ప్రాంతానికి బాగా సరిపోతుంది. వెళ్లేటప్పుడు సొంత ఖర్చుతో పెట్టుకున్న ట్రాన్స్‌ఫార్మర్, ర్యాకులు, క్రేను పట్టాలు ఎవరికి చెందుతాయో, నేలలో పోసిన యంత్రం పునాది పగలగొట్టాలో ఉంచాలో అందులోనే రాయించాలి. అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు ఎక్కువ గొడవలు వచ్చేది ఈ పునాది దగ్గరే.